సైన్యంలో రెకీ దళానికి వెళ్లాలంటే: కొత్తగా చేరే కుర్రవాడికి దారి

1999 మే నెల మొదట్లో లద్దాఖ్‌లోని బటాలిక్ ప్రాంతంలో తాషీ నమ్‌గ్యాల్ అనే పశువుల కాపరి, తప్పిపోయిన తన యాక్‌ను వెతుక్కుంటూ కొండెక్కాడు. చేతిలో బైనాక్యులర్ ఉంది. యాక్ కోసం చూస్తుంటే ఎదుటి వాలు మీద రాళ్లు కదిలిస్తూ, మంచు తొలగిస్తూ కొత్త మనుషులు కనిపించారు. వెంటనే కిందికి దిగి దగ్గరలోని సైనిక పోస్టులో చెప్పాడు. కార్గిల్ చొరబాటు గురించి సైన్యానికి అందిన తొలి కబుర్లలో అది ఒకటి. అదే నెల 15న కెప్టెన్ సౌరభ్ కాలియా అయిదుగురు జవాన్లతో కాక్సర్ వైపు గస్తీకి వెళ్లి శత్రువుకు చిక్కాడు. ఆ ఆరుగురిలో ఒక్కరూ ప్రాణాలతో తిరిగి రాలేదు.

రెకీ అంటే ఏమిటని కుర్రవాళ్లు అడిగితే నేను ఈ రెండు సంగతులూ చెబుతాను. చూడాలి, తిరిగి రావాలి, చూసింది చూసినట్టు చెప్పాలి. పాత తెలుగులో దీన్ని వేగు అన్నారు. తుపాకీ పేల్చడం అందులో చివరి పని. చాలాసార్లు అది పేలిందంటే పని చెడినట్టే.

నేను పదాతి దళంలో పదిహేడేళ్లు చేసి హవల్దారుగా వచ్చాను. అందులో నాలుగేళ్లు ఘాతక్ ప్లటూన్‌లో ఉన్నాను. పారా (పారాచూట్ దళం) ప్రొబేషన్‌కు, అంటే పరీక్షా కాలానికి వెళ్లి మధ్యలోనే వెనక్కి వచ్చినవాణ్ణి కూడా. ఇప్పుడు పొద్దున్నే మా ఊరి హైస్కూలు మైదానంలో పిల్లల చేత పరుగు తీయిస్తున్నాను. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నిన్ను నువ్వు అనే పిలుస్తాను, ఏమీ అనుకోకు.

ముందు తలుపులు ఎక్కడున్నాయో తెలుసుకో

‘రెకీ సైనికుడు కావలెను’ అని ఏ నోటిఫికేషన్‌లోనూ ఉండదు. బయటి నుంచి నువ్వు దరఖాస్తు పెట్టేది అగ్నివీర్‌కే. అసలు తలుపులన్నీ లోపల ఉంటాయి. ఎవరు బాగా చేస్తున్నారో చూసి, ఎవరు ముందుకొస్తారో అడిగి, అప్పుడు తెరుస్తారు.

మొదటిది ఘాతక్ ప్లటూన్. ప్రతి పదాతి బెటాలియన్‌కూ సొంతంగా ఒకటి ఉంటుంది, ఇరవై మంది అటూ ఇటూ. రెకీ, మెరుపుదాడి, మాటు వేయడం, ఫిరంగులకు గురి చెప్పడం దాని పనులు. ఇందులోకి ఎంచినవాళ్లను కమాండో కోర్సుకు బెళగావి పంపుతారు. 1999లో టైగర్ హిల్ మీద పరమవీర చక్ర సాధించిన యోగేంద్ర సింగ్ యాదవ్ 18 గ్రెనేడియర్స్ ఘాతక్ ప్లటూన్ వాడే. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు. పారా అయితేనే గొప్ప, మిగతాది వృథా అనుకునే పిల్లలకు నేను ఈ వయసు గుర్తు చేస్తాను.

రెండోది భైరవ్ లైట్ కమాండో బెటాలియన్లు. 2025 జులై 26న ద్రాస్‌లో సైన్యాధిపతి జనరల్ ఉపేంద్ర ద్వివేది ప్రకటించిన కొత్త ఏర్పాటు ఇది. ఘాతక్‌లకూ ప్రత్యేక దళాలకూ మధ్య ఉన్న ఖాళీని పూరించడం వీటి ఉద్దేశం. పదాతి బెటాలియన్లలో ఆశ్ని పేరుతో డ్రోన్ ప్లటూన్లు కూడా వచ్చాయి. అంటే రెకీ చేసేవాడి కన్ను ఇప్పుడు ఆకాశంలో కూడా ఉంది. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివిన కుర్రవాడా, నీ చదువు పనికిరాదని అనుకోకు.

మూడోది పారా, పారా స్పెషల్ ఫోర్సెస్. 1965 యుద్ధంలో మేజర్ మేఘ్ సింగ్ నడిపిన మేఘదూత్ దళం నుంచి వచ్చిన వరస స్పెషల్ ఫోర్సెస్. ఆ అనుభవంతోనే మరుసటి ఏడాది 9 పారా కమాండో పుట్టింది. తల మీద మెరూన్ టోపీ పారా వాళ్లందరికీ ఉంటుంది. ఛాతీ మీద బలిదాన్ బ్యాడ్జి మాత్రం స్పెషల్ ఫోర్సెస్ వాళ్లకే. నేరుగా పారాచూట్ రెజిమెంటుకు ఎంపికైనవాళ్లు బెంగళూరులోని ఆ రెజిమెంటు కేంద్రంలో శిక్షణ పొందుతారు. వేరే రెజిమెంట్లలో ఉన్నవాళ్లు వాలంటీర్లుగా వెళ్తారు.

నౌకాదళంలో మార్కోస్, వాయుసేనలో గరుడ్ అనే ప్రత్యేక దళాలు ఉన్నాయి. మార్కోస్ స్థావరం ఐఎన్ఎస్ కర్ణ మన విశాఖ దగ్గరే ఉంది. నీళ్లలో పెరిగిన మత్స్యకారుల పిల్లలు అటువైపు ఒకసారి చూడాలి. అమ్మాయిలకు అగ్నివీర్‌లో మిలిటరీ పోలీసు విభాగం ఉంది కానీ, నేను చెబుతున్న ఈ పదాతి దారి ఇంకా తెరవలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లు, అకాడమీకి తర్వాత

ఈ మాట ఎందరికో చెప్పాను, కొందరే విన్నారు. అరికాలు చదునుగా ఉంటే, నిలబడినప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి తగులుతుంటే, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోతే, ఎంత పరిగెత్తినా మెడికల్‌లో ఆగిపోతావు. రెండేళ్లు హాస్టలు ఫీజు కట్టి, పరుగులో మొదటివాడిగా వచ్చి, రంగులు గుర్తుపట్టే పరీక్షలో ఇంటికొచ్చిన కుర్రవాణ్ణి నేను ఎరుగుదును. చుక్కల పుస్తకంలో అంకెలు కనిపెట్టే ఆ పరీక్ష ఏ కంటి డాక్టరు దగ్గరైనా అయిదు నిమిషాల పని.

ఇంట్లోనే చూసుకోదగ్గది ఒకటుంది. కాలు తడిపి పొడి గచ్చు మీద అడుగు వెయ్యి. అరికాలు మధ్యలో లోపలివైపు ఖాళీ కనిపిస్తే మంచిదే. పాదం మొత్తం అచ్చు పడితే ఎముకల డాక్టరుకు చూపించు. చెవిలో గులిమి, పుచ్చు పళ్లు, కాళ్ల మీద ఉబ్బిన నరాలు, బీజంలో వాపు లాంటివి ముందే తెలిస్తే చాలావాటికి వైద్యం ఉంది. భర్తీ ర్యాలీ రోజున తెలిస్తే ఏమీ చేయలేవు. జాతరలో సరదా పడి పచ్చబొట్టు మాత్రం పొడిపించుకోకు. ముంజేతి లోపలివైపు, అరచేతి వెనుక తప్ప వేరే చోట ఉంటే తిప్పి పంపుతారు.

మన రెండు రాష్ట్రాల వాళ్లకు జనరల్ డ్యూటీకి (సాధారణ సైనికుడి కొలువుకు) ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, గాలి పీల్చినప్పుడు మరో 5 పెరగాలి.

కాగితాలు, పరీక్ష

ఇక్కడ ఎక్కువ చెప్పను, నోటిఫికేషన్ చదువుకుంటే తెలుస్తుంది. అగ్నివీర్లను చేర్చుకునే అగ్నిపథ్ పథకం 2022 జూన్‌లో వచ్చింది. వయసు పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి అని మొదలైంది. నీవు రాసే ఏడాది పరిమితి ఎంతో ఆ ఏడాది ప్రకటనలోనే చూడు. జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 ఉండాలి. పెళ్లి అయి ఉండకూడదు. ప్రకటన సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాద్ భర్తీ కార్యాలయాల్లో నీ జిల్లా దేని కిందికి వస్తుందో అందులోనే ఉంటుంది.

2023 నుంచి ముందు కంప్యూటర్ మీద రాత పరీక్ష, తర్వాతే ర్యాలీ. ఈ వరస మారినందువల్ల పరుగు బాగా వచ్చి లెక్కలు రానివాడు మైదానం దాకా కూడా రావడం లేదు. పరీక్ష తెలుగులో రాయవచ్చు. తప్పు జవాబుకు మార్కు కోత ఉంటుంది కాబట్టి తెలియనిది వదిలెయ్యి. గుర్తుపెట్టుకో, ఇది రెకీ చేసేవాడికి మొదటి పాఠం కూడా. ఎన్‌సీసీ సర్టిఫికెట్‌కు అదనపు మార్కులున్నాయి. ఇంకా హైస్కూల్లో ఉంటే ఈ ఏడాదే చేరు.

ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు, తండ్రి పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకో. ఇంటిపేరు ఒకదానిలో ముందు, ఇంకొకదానిలో వెనక ఉండి ఇబ్బంది పడినవాళ్లు ప్రతి ర్యాలీలోనూ ఉంటారు. నివాస, కుల ధ్రువపత్రాలకు మీసేవ చుట్టూనో సచివాలయం చుట్టూనో తిరిగే పని ఆఖరి వారానికి పెట్టుకోకు. డబ్బిస్తే పని చేయిస్తానన్న దళారికి రూపాయి ఇవ్వకు. ఇచ్చినవాడికి ఉద్యోగం రాదు, అడిగితే డబ్బూ తిరిగి రాదు.

పరుగు, బీమ్

1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేస్తే పూర్తి మార్కులు, 60. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు, చుట్టుకు 82 సెకన్లు. ఈ లెక్క బుర్రలో పెట్టుకో. మొదటి చుట్టు 70 సెకన్లలో తిరిగి చివరి చుట్టులో నడిచేవాళ్లే మైదానంలో ఎక్కువ. వారంలో ఒకరోజు 400 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 82 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల విరామంతో పరిగెత్తు. ఒకరోజు నలభై అయిదు నిమిషాలు మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత నెమ్మదిగా. ఇంకొకరోజు మూడు కిలోమీటర్లు గట్టిగా. మిగతా రోజుల్లో కాళ్లకు విశ్రాంతి ఇవ్వు. రోజూ ఊపిరి పోయేలా పరిగెత్తేవాడు రెండో నెలలో పిక్క ఎముక పట్టుకుని కూర్చుంటాడు.

బీమ్ (అడ్డ కడ్డీ) పట్టుకుని గడ్డం పైకి వచ్చేలా 10 సార్లు లాగితే 40 మార్కులు. ఒక్కటి కూడా రానివాడు బల్ల ఎక్కి గడ్డం బీమ్ పైన పెట్టి, అయిదు సెకన్లు తీసుకుంటూ కిందికి దిగాలి. రోజుకు అయిదుసార్లు. నెల రోజుల్లో మొదటిది వస్తుంది. ఊపుతో, కాళ్లు తన్నుకుంటూ లాగినది లెక్కించరు. తొమ్మిది అడుగుల గుంత దూకడం, వంకర దూలం మీద నడవడం కూడా ఉంటాయి. వాటికి మార్కులు లేవు కానీ తప్పితే అక్కడితో సరి.

సంచిలో ఇరవై కిలోల ఇసుక పోసుకుని తారు రోడ్డు మీద పరిగెత్తే పిల్లలను వీడియోల్లో చూస్తుంటాను. దయచేసి వద్దు. పద్దెనిమిదేళ్ల మోకాలికి అది శిక్షణ కాదు, శిక్ష. బరువు ఎత్తుకుని నడవడం మొదలుపెట్టాలనిపిస్తే ఆరు కిలోలతో మట్టి దారి మీద నడువు, పరిగెత్తకు. నెలకు ఒక కిలో పెంచు. మన ఎండలో పొద్దున ఆరు దాటాక పరుగు పెట్టుకోకు. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే ఆ పూట ఆపెయ్యి.

తిండి గురించి పిల్లలు డబ్బా పొడుల పేర్లు చెబుతారు. రాగి జావ, వేరుశనగలు, కోడిగుడ్లు, పప్పు, పెరుగు. అంతే. ర్యాలీకి ముందు సూది వేయించుకుంటే పరుగు వస్తుందని చెప్పేవాడు నీ గుండెతో ఆడుకుంటున్నాడు. ఈత రాకపోతే నేర్చుకో. చెరువులో అయినా కాలువలో అయినా ఒంటరిగా దిగకు, ఈత వచ్చినవాణ్ణి గట్టు మీద నిలబెట్టుకో.

హిందీ

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎవరూ ముందుగా చెప్పరు. శిక్షణ కేంద్రంలో ఉస్తాద్ (శిక్షకుడు) చెప్పే ప్రతి మాటా హిందీలో ఉంటుంది. మద్రాస్ రెజిమెంటులో పడితే పక్కన తమిళం, మలయాళం వినిపిస్తాయి కానీ పాఠం హిందీయే. ఆదేశం అర్థం కాక పక్కవాణ్ణి చూసి చేసేవాడు ఎప్పుడూ ఒక క్షణం వెనుక ఉంటాడు. ఆ క్షణానికి రగడా పడుతుంది. అంటే పిట్టూ (సామాను సంచి) భుజాన వేసి నేల మీద దొర్లించడం. దానికంటే పెద్ద నష్టం మరొకటి. ఏమి చూశావని అడిగితే చెప్పలేనివాణ్ణి రెకీకి ఎవరు తీసుకెళ్తారు?

నేను మొదటి ఆరు నెలలు మూగవాడిలా గడిపాను. నువ్వు గడపకు. రోజూ అరగంట హిందీ వార్తలు విను. విన్నది నీ మాటల్లో హిందీలోనే ఒకరికి చెప్పు. వ్యాకరణం తప్పినా పరవాలేదు. దిక్కులు, దూరాలు, అంకెలు, రంగులు, చెట్లు, కట్టడాల పేర్లు తడబడకుండా రావాలి. ముఖ్యంగా అంకెలు. ఉనచాస్ ఎంత, ఉనసఠ్ ఎంత అని వెతుక్కునే లోపు వైర్‌లెస్ సెట్లో సందేశం అయిపోతుంది.

కళ్లు, చీకటి, మ్యాపు

ఇప్పుడు అసలు పనికి వచ్చాం. ఇక్కడ చెప్పేవి ఏ పరీక్షలోనూ అడగరు. కానీ లోపల తలుపు తెరిచే రోజున ఇవి వచ్చినవాడు వేరుగా కనిపిస్తాడు. ఖర్చు కూడా లేదు.

బస్టాండులో పది నిమిషాలు కూర్చో. ఫోను జేబులో ఉండాలి. లేచి వెళ్లాక కాగితం మీద రాయి: ఎన్ని బస్సులు వచ్చాయి, ఏ వైపు నుంచి, ఎవరెవరు దిగారు, సంచి బరువుగా మోస్తున్నది ఎవరు, టీ కొట్టు దగ్గర నిలబడి ఎవరికోసమో చూస్తున్నది ఎవరు. మర్నాడు అదే చోట అదే సమయానికి కూర్చో. నిన్న ఉన్నది ఈరోజు ఏది లేదు? నిన్న లేనిది ఈరోజు ఏది ఉంది? వేగుకు కావలసినది ఆ తేడా. తాషీ నమ్‌గ్యాల్‌కు ఆ కొండ ఎలా ఉండాలో తెలుసు కాబట్టే ఎలా లేదో కనిపించింది.

ఇంట్లో అయితే చెల్లెలి చేత పళ్లెంలో పదిహేను వస్తువులు పెట్టించి, గుడ్డ తీసి ఒక నిమిషం చూసి, మళ్లీ కప్పించు. అన్నీ రాయి. వారం తర్వాత వస్తువుల పేర్లతో పాటు ఏది ఎటు తిరిగి ఉందో, దేని అంచు విరిగిందో కూడా రాయగలగాలి.

ఎన్‌సీసీలోనూ శిక్షణలోనూ ‘వస్తువులు ఎందుకు కనిపిస్తాయి’ అనే పాఠం ఉంది. ఆకారం, నీడ, మెరుపు, ఆకాశానికి ఎదురుగా నిలిచే రూపం, వస్తువుల మధ్య ఒకే కొలతలో ఉండే ఖాళీ, కదలిక. పొలం గట్టు మీద నిలబడి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. చేలో కూర్చున్న కొంగ కనిపించదు, మెడ తిప్పితే కనిపిస్తుంది. కాబట్టి నువ్వు చూసేటప్పుడు కదలికను వెతుకు, దాక్కున్నప్పుడు కదలకు. గట్టు మీద నుంచి తల ఎత్తి చూడకు, పక్క నుంచి నేల మట్టంలో చూడు.

చీకటికి కన్ను అలవాటు పడటానికి దాదాపు అరగంట పడుతుంది. ఒక్కసారి ఫోను తెర చూస్తే ఆ అరగంట మళ్లీ మొదలు. చీకట్లో దేన్నైనా సూటిగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకు చూస్తే కనిపిస్తుంది. ఇది మంత్రం కాదు, కంటి నిర్మాణమే అంత. అమావాస్య రోజుల్లో తోడు తీసుకుని పొలం దారిలో టార్చి లేకుండా నడువు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకో. పాము భయం ఉన్న కాలంలో వద్దే వద్దు.

దిక్కులకు ధ్రువ నక్షత్రం పట్టుకో. మన ప్రాంతంలో అది ఉత్తరాన చాలా కిందుగా, సుమారు పదమూడు నుంచి ఇరవై డిగ్రీల లోపు ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. రెండు పిడికిళ్లు దాటదన్నమాట. ఊళ్లో చెట్లు, ఇళ్ల మధ్య నుంచి కనిపించదు, చెరువు కట్ట ఎక్కాలి. లద్దాఖ్ వెళ్తే అదే నక్షత్రం మూడున్నర పిడికిళ్ల ఎత్తుకు లేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను వేరే నక్షత్రం అనుకున్నాను.

మ్యాపు కోసం సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల ఓపెన్ సిరీస్ మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి. మీ మండలం ఉన్న షీటు తీసుకో. 1:50,000 స్కేలు అంటే మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. ముందు ఇంట్లో కూర్చుని, దాన్ని చూసి, మీ ఊరి నుంచి పక్క ఊరికి దారి నోటితో చెప్పు: ఎంత దూరంలో వాగు, ఎటువైపు గుట్ట, ఎక్కడ ఎత్తు పెరుగుతుంది. తర్వాత నడిచి చూడు. ఎత్తు గీతలు దగ్గర దగ్గరగా ఉన్నచోట నీ ఊపిరి ఎలా ఉందో గమనించు, ఆ గీతలు ఇక మర్చిపోవు. నీ అడుగులు వంద మీటర్లకు ఎన్నో లెక్కపెట్టుకో. చదునులో ఒక లెక్క, గుట్ట ఎక్కేటప్పుడు ఒకటి, చీకట్లో ఇంకొకటి వస్తాయి. మూడూ రాసి పెట్టుకో. మ్యాపు ఉత్తరం, దిక్సూచి ఉత్తరం, అసలు ఉత్తరం మూడూ ఒకటి కావని లోపల నేర్పుతారు. మిగతాది పట్టుబడితే అది సులువు.

ఒక హెచ్చరిక. ఈ సాధన అంతా పొలాల్లో, బస్టాండులో, మీ ఊళ్లో. సైనిక స్థావరాలు, రైలు వంతెనలు, రేవులు, ప్లాంట్ల దగ్గర కాగితం పట్టుకుని కూర్చుంటే పోలీసులు నీ ఉత్సాహాన్ని అర్థం చేసుకోరు, చేసుకోనక్కరలేదు కూడా.

చూసింది చెప్పడం

సీతను వెతికి వచ్చిన హనుమంతుడు ముందుగా ఏమన్నాడో మన ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ‘చూశాను’ అన్నాడు. సముద్రం ఎలా దాటాడో, లంక ఎంత బాగుందో తర్వాత. వినేవాడికి ఏది ముందు కావాలో అది ముందు. నివేదిక చెప్పే పద్ధతికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. లంకకు నిప్పు పెట్టిన భాగం మాత్రం నేర్చుకోకు. వచ్చిన పని అయ్యాక జాడ తెలియకుండా వెళ్లిపోవడమే రెకీ.

ఎంత మంది, ఏమి చేస్తున్నారు, ఎక్కడ, ఏ వేషంలో, ఎన్ని గంటలకు, చేతుల్లో ఏమున్నాయి. ఈ వరసలో చెప్పడం అలవాటు చేసుకో. చూసినదానికీ ఊహించినదానికీ మధ్య గోడ కట్టు.

ఈ గోడ నాకు ఎలా వచ్చిందో చెబుతాను. ఘాతక్‌లో కొత్తగా ఉన్నప్పుడు ఒక రాత్రి అభ్యాసంలో లోయలోకి వెళ్లి వాహనాలు లెక్కపెట్టి రమ్మన్నారు. నాలుగు చూశాను. చెట్ల చాటున ఇంకా రెండు ఉన్నట్టు అనిపించింది. చలి, ఆకలి. ఇంకో రెండు వందల మీటర్లు పాకితే తెలిసేది. పాకలేదు. వచ్చి ‘ఆరు’ అన్నాను. ఉస్తాద్ ఆరు నిజమేనా అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అవునన్నాను. అక్కడ ఉన్నవి నాలుగే. చెట్ల చాటున ఉన్నవి గడ్డివాములు. తిట్టలేదు, కొట్టలేదు. ఆ సీజను అంతా నన్ను ముందు పంపడం మానేసి, వెనక లంగరు (వంటశాల) సామాను మోయించాడు. ‘నాలుగు చూశాను, చెట్ల చాటున తెలియలేదు’ అని చెప్పి ఉంటే నన్నే మళ్లీ పంపేవాడు.

శిక్షణ కేంద్రంలో

అగ్నివీర్ శిక్షణ సుమారు ఆరు నెలలు. మొత్తం కొలువు నాలుగేళ్లే, ఆ తర్వాత శాశ్వత కొలువుకు ఉంచుకునేది పాతిక శాతం దాకా. కాబట్టి ‘రెండేళ్లు చూసి తర్వాత అడుగుతాను’ అనే వెసులుబాటు నీకు లేదు. మొదటి వారం నుంచే నీ పేరు పక్కన రాసుకుంటారని అనుకో.

కానీ ముందుకు దూకకు. నేను పారా కమాండో అవుతానని మొదటి రోజే బ్యారక్‌లో చెప్పినవాడికి అందరూ సాయంత్రం దాకా వంగబెట్టి నవ్వుతారు. ఫైరింగ్‌లో మంచి గ్రూపింగ్ (గుళ్లన్నీ దగ్గర దగ్గరగా తగలడం), మ్యాప్ రీడింగ్‌లో మార్కులు, బీపీఈటీ అనే యుద్ధ శారీరక పరీక్షలో ఎక్సలెంట్. ఈ మూడూ నీ తరఫున మాట్లాడతాయి. బీపీఈటీలో అయిదు కిలోమీటర్ల పరుగు ఆయుధంతో, సామానుతో ఉంటుంది. తాడు ఎక్కడం కూడా. తాడు దగ్గర చేతుల బలం కాదు, పాదాలతో తాడు పట్టే కిటుకు ముఖ్యం. అది వచ్చినవాణ్ణి పట్టుకుని ఆదివారం నేర్చుకో. వైర్‌లెస్, ప్రథమ చికిత్స, డ్రైవింగ్ తరగతుల్లో నిద్రపోకు. చిన్న దళంలో ప్రతివాడికీ రెండు పనులు వచ్చి ఉండాలి.

కసమ్ పరేడ్ (ప్రమాణం చేసే కవాతు) అయ్యాక యూనిట్‌కు వెళ్తావు. అక్కడ ఘాతక్ హవల్దారు ఎవరో కనుక్కుని, ఆయన మనుషులు పొద్దున ఎక్కడ పరిగెత్తుతారో చూసి, పది అడుగులు వెనక పరిగెత్తు. అడగకు. నెల రోజులకు ఆయనే పిలుస్తాడు.

రీళ్ల గురించి ఒక మాట. 2020 జులైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లు తొలగించమని సైన్యం తన సిబ్బందికి చెప్పింది. యూనిఫాంలో ఫొటో పెట్టినవాణ్ణి తెలియని అందమైన అమ్మాయి పేరుతో ఎవరో పలకరిస్తారు. యూనిట్ ఎక్కడ అని అడుగుతారు. వేగు కావాలనుకున్నవాడు వేరేవాడి వేగుకు దొరకడం కంటే అవమానం లేదు.

ప్రొబేషన్

వాలంటీర్ల కోసం ఎప్పుడు అడుగుతారు, ఎవరికి అర్హత ఉంది అనేవి మారుతుంటాయి. యూనిట్ ఆఫీసులో అడుగు, సీనియర్ పుకారు నమ్మకు. స్పెషల్ ఫోర్సెస్ ప్రొబేషన్ మూడు నెలల మాట. వెళ్లినవాళ్లలో ఎక్కువ మంది వెనక్కి వస్తారు. దీన్ని ఆర్‌టీయూ అంటారు, రిటర్న్ టు యూనిట్. నిద్ర ఉండదు. బరువుతో పది, ఇరవై, ముప్పై కిలోమీటర్ల వేగ నడకలు పెరుగుతూ పోతాయి. నెగ్గినవాళ్లు ఆగ్రాలో పారాచూట్‌తో అయిదు దూకుళ్లు దూకి రెక్కల గుర్తు పెట్టుకుంటారు. అందులో ఒకటి రాత్రి దూకుడు.

నేను వెనక్కి వచ్చింది ధైర్యం లేక కాదు, కాలివేలు వల్ల. రెండో వారంలో మడమ మీద బొబ్బ లేచింది. చెబితే పంపేస్తారని దాచాను. అది పగిలి చీము పట్టింది. ఒంటికాలి మీద బరువు వేసి నడిస్తే బొటనవేలు గోరు ఊడింది. పన్నెండో రోజు నడవలేక నిలబడిపోయాను. అదే బొబ్బను మొదటి రాత్రే శుభ్రంగా కడిగి, టేపు వేసి ఉంటే పదమూడో రోజు ఉండేది. కాబట్టి బూట్లు ఇచ్చిన రోజు నుంచే వేసుకుని మెత్తబరుచు. మేజోళ్లు మూడు జతలు పెట్టుకో. ప్రతి ఆగుడులో తడి మేజోళ్లు తీసి పాదం తుడిచి పౌడరు చల్లు. గోళ్లు నేరుగా కత్తిరించు, మూలలు గుండ్రం చేయకు. గుచ్చుకున్న చోటును ఆరోజే నర్సింగ్ అసిస్టెంట్‌కు చూపించు.

మధ్యలో ఒక్కసారైనా ‘చాలు, వెళ్లిపోతాను’ అని నోటి దాకా వస్తుంది. చివరి కిలోమీటర్ల సంగతి అప్పుడు ఆలోచించకు. వచ్చే భోజనం దాకా ఉండాలనుకో. అక్కడ తిన్నాక మళ్లీ చూడు.

ఇంట్లో మాట్లాడటం

అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువ రేగడ గ్రామానికి చెందిన లాన్స్ నాయక్ సాయి తేజ పారా స్పెషల్ ఫోర్సెస్ వాడు. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలిన ప్రమాదంలో ఆయనతో పాటే ప్రాణాలు కోల్పోయాడు. పేదింటి రైతు బిడ్డ అంత ఎత్తుకు వెళ్లవచ్చని మీ నాన్నకు ఆ పేరు చెప్పవచ్చు. మీ అమ్మకు ఆ కథలోని రెండో సగమే వినిపిస్తుంది. రెండూ నిజమే కాబట్టి ఏదీ దాచకు.

డబ్బు లెక్క కూడా విప్పి చెప్పు. అగ్నిపథ్ మొదలైనప్పటి లెక్కలో మొదటి ఏడాది నెలకు 30,000, చేతికి వచ్చేది 21,000. మిగతాది సేవా నిధికి వెళ్తుంది, ప్రభుత్వం అంతే జమ చేస్తుంది. నాలుగేళ్లు నిండాక వచ్చే మొత్తం వడ్డీతో కలిపి 11.71 లక్షలు. బీమా 48 లక్షలు. అప్పు మీద అప్పు తీర్చే ఇంట్లో ఈ అంకెలు తెలియకుండా అవునని అనడం ఎవరికీ మంచిది కాదు. పశ్చిమ గోదావరిలో మాధవరం లాంటి ఊళ్లో పుట్టి ఉంటే ఈ సంభాషణ నీకు అక్కరలేదు, అక్కడ ప్రతి ఇంటికీ ఒక సైనికుడి కథ ఉంది. మిగతా ఊళ్లలో పుట్టినవాళ్లు రాత్రి భోజనం అయ్యాక, టీవీ ఆపి, దరఖాస్తు నింపడానికి ముందే మొదలుపెట్టాలి.